కొత్తవాళ్లుంటే కదలని, మాట్లాడని పిల్లాడికి ఇంట్లో ఏ ఆటలతో మొదలుపెట్టాలి?

మధురవాడ అమ్మ

మా బాబుకి ఐదేళ్లు దాటి నాలుగు నెలలు. యూకేజీ. ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూతపడదు. కొత్త మనిషి ఒక్కరు గుమ్మంలోకి వస్తే చాలు, నా వెనక్కి చేరిపోతాడు. స్కూల్లో టీచర్ అడిగితే తల ఊపి ఊరుకుంటాడు. పక్కన కూర్చునే ఒక్క పిల్లాడితో మాత్రం గుసగుసగా మాట్లాడతాడని చెప్పారు. ఆదివారం ప్లే జోన్‌కి తీసుకెళ్తే గంట టికెట్టులో ముప్పావు గంట నా చున్నీ వదలడు. గొట్టంలా మూసి ఉండే జారుడుబల్ల దగ్గరికి వెళ్తే ఏడుపే.

మాది మూడో అంతస్తు. కింద పార్కింగ్ తప్ప ఆడుకునే చోటు లేదు, ఈ వానల్లో పార్కుకీ బీచ్‌కీ వెళ్లే వీలూ లేదు. హాలు 12 అడుగులకి 14. మా అత్తగారు "నలుగురిలో వదిలేయండి, అదే పోతుంది" అంటారు. మావారు "పెద్దయితే వాడే మారతాడులే" అంటారు.

ఇంట్లో ఏ ఆటలు, ఏ వరసలో, రోజుకి ఎంతసేపు ఆడించాలి? ప్లే జోన్ కొన్నాళ్లు మానేయాలా? ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? "ధైర్యం చెప్పండి" అని కాకుండా చేయాల్సిన పని ఏంటో చెప్తే మేలు.

---

ఆటగది (పిల్లల కౌన్సెలర్, సీతమ్మధార)

పక్క పిల్లాడితో గుసగుసగానైనా మాట్లాడుతున్నాడు కదండీ, అది చాలా మంచి ఆధారం. దాన్ని పట్టుకునే ముందుకి వెళ్లొచ్చు.

ముందు వరస గురించి చెప్తాను, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. ఇలాంటి పిల్లలకి బెరుకు పుట్టించేవి మూడు: చోటు, మనిషి, ఆట. ఒకసారికి వీటిలో ఒక్కదాన్నే మార్చాలి. ఇంట్లో మీతో హాయిగా ఆడే ఆట ఒకటి ఎంచుకోండి. అదే ఆట, అదే హాల్లో, నాన్నతో. కుదిరాక అదే ఆట నానమ్మ పక్కన కూర్చుని చూస్తుండగా. తర్వాత పక్క ఫ్లాటు పిల్లతో. ఆ తర్వాతే ఆ పిల్ల వాళ్లింట్లో. ప్లే జోన్‌లో చోటు, మనుషులు, ఆట మూడూ కొత్తవే, మూడూ ఒక్కసారే మీద పడుతున్నాయి. అక్కడ బిగుసుకుపోయి నిలబడ్డ పిల్లాడు ఆడటం నేర్చుకోడు, "ఇది భయపడాల్సిన చోటు" అన్నది మాత్రం గట్టిగా నేర్చుకుంటాడు. మీ అత్తగారి సలహా పనిచేయనిది అందుకే.

అలాగని ఊరికే వదిలేయడం కూడా సరికాదు. వాడి బదులు మనం జవాబు చెప్పిన ప్రతిసారీ వాడికి ఆ క్షణానికి ఊరట. ఆ ఊరట రుచి మరిగితే తర్వాతిసారి మౌనం ఇంకా త్వరగా వస్తుంది.

ఇక రోజూ చేయాల్సింది. రోజుకి 10 నిమిషాలు, వీలైతే ఒకే వేళకి, ఫోన్ పక్క గదిలో పెట్టి. ఈ 10 నిమిషాలు ఆట వాడిది, మీరు వెనక నడిచే మనిషి. బిల్డింగ్ బ్లాకులు, బొమ్మ కార్లు, వంటసామాను, రంగు పెన్సిళ్లు లాంటివి నాలుగైదు చాలు. గెలుపోటములు ఉన్న ఆటలూ, వీడియో గేములూ ఇందులోకి తేవద్దు. మీ వైపు నుంచి మూడు పనులు మానేయాలి: ప్రశ్న, ఆజ్ఞ, దిద్దుబాటు. "ఇదేం రంగు?" అనేది పరీక్ష. "ఇలా పెట్టు" అనేది ఆజ్ఞ. "ఏనుగు అలా ఉండదు నాన్నా" అనేది దిద్దుబాటు. వీటి బదులు వాడు చేస్తున్నదాన్ని మామూలు గొంతుతో చెప్పండి: "ఎర్రదాని మీద పచ్చది పెట్టావు." "ఈ కారు వంతెన కిందకి వెళ్తోంది." వాడు అన్న మాటని తిరిగి అనండి. వాడు "లారీ బోల్తా పడింది" అంటే మీరు "అయ్యో, లారీ బోల్తా పడింది, సరుకంతా కింద పడింది" అనండి. మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" అని వదిలేయకుండా ఏం చేశాడో పేరుపెట్టి చెప్పాలి: "రెండుసార్లు పడిపోయినా మళ్లీ కట్టావు."

మొదటి వారం చాలామందికి ప్రశ్నలు ఆపడమే కష్టం. ఒక నిమిషం ఫోన్లో ఆడియో రికార్డు చేసి తర్వాత వినండి, ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో మీకే తెలుస్తుంది. వాడు మాట్లాడకపోతే ఆ నిశ్శబ్దాన్ని మన మాటలతో నింపకూడదు. నిమిషానికి అయిదారు మాటలు చాలు. ఎడతెరిపి లేకుండా మాట్లాడితే వాడు మాట్లాడటానికి చోటెక్కడుంది?

ఈ 10 నిమిషాలు వాడు అల్లరి చేసిన రోజు కూడా ఉండాలి. శిక్షగా తీసేయకండి.

---

కదలిక (ఆక్యుపేషనల్ థెరపీ)

గొట్టం జారుడుబల్ల సంగతి నేను చెప్తాను. ఆ భయం వెనక కారణాలు నాలుగు కలిసి ఉంటాయి: లోపల చీకటి, చివర కనపడకపోవడం, శబ్దం మారుమోగడం, వెనక నుంచి ఇంకో పిల్లాడు తోస్తాడేమోనన్న అనుమానం. విడదీసి ఒక్కోటి ఇంట్లోనే అలవాటు చేయొచ్చు.

ఫ్రిజ్ కానీ వాషింగ్ మెషీన్ కానీ వచ్చిన అట్టపెట్టె ఒకటి సంపాదించండి. ఎలక్ట్రానిక్స్ కొట్లో అడిగితే ఇస్తారు. రెండు వైపులా మూతలు కోసేసి హాల్లో పడుకోబెట్టండి. లోపల పిన్నులు, ప్లాస్టిక్ పట్టీ ముక్కలు లేకుండా చూసి, కోసిన అంచులకి టేపు చుట్టండి. ముందు వాడు లోపలికి పోనక్కర్లేదు, ఒకవైపు నుంచి బంతి దొర్లించి అవతల మీరు పట్టుకోండి. తర్వాత కారు. తర్వాత వాడి చేయి, తల. ఆ తర్వాతే మొత్తం మనిషి. తడుముకోకుండా దూరుతున్నాడంటే అవతలి చివర పల్చటి చున్నీ వేలాడదీయండి, చివర కాస్త మసకగా ఉంటుంది. తర్వాత మందపాటి దుప్పటి, లోపల చిన్న టార్చి వాడి చేతికే. చివరగా పెట్టె మీద వేళ్లతో తట్టి చప్పుడు చేయండి, వాడు సరే అన్నాకే. ఏ మెట్టులోనైనా వెనకడుగు వేస్తే దాని కిందటి మెట్టుకి వెళ్లండి. వెనక్కి వెళ్లడం పద్ధతిలో భాగమే. రాత్రి నిద్రకి ముందు ఈ ఆట వద్దు, ఒంట్లో హుషారు దిగడానికి టైము పడుతుంది.

రెండోది, హాల్లో అడ్డంకుల బాట. 12 బై 14 బోలెడంత చోటు. మజిలీలు నాలుగు చాలు. మాస్కింగ్ టేపుతో 6 అడుగుల గీత, దాని మీద మడమకి వేళ్లు ఆనించి నడక. రెండు దిండ్లు ఎక్కి దిగడం. రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి కింద పాకడం. చివర బకెట్లో మూడు కాగితం ఉండలు వేయడం.

బకెట్ దూరం దగ్గర జాగ్రత్త. ఫ్లాట్లలో నేల టైల్స్ ఎక్కువగా రెండడుగులవే కాబట్టి టైల్‌తోనే కొలవొచ్చు. ఒక్క టైల్ దూరంతో మొదలుపెట్టండి. పదింటికి ఎనిమిది పడుతున్నాయంటేనే అర టైల్ వెనక్కి జరగాలి. పదింటికి మూడే పడుతుంటే దూరం ఎక్కువైందని అర్థం, పిల్లాడికి చేతకాలేదని కాదు. బెరుకున్న పిల్లలు మొదటి రెండు గురి తప్పగానే "నాకు రాదు" అని వెళ్లిపోతారు. మొదటివి పడేలా అమర్చడం మన పని.

తేడా వచ్చేవి ఇవి. నున్నటి టైల్స్ మీద దిండు జారిపోతుంది, పిల్లాడు పడతాడు, ఆ ఆట అక్కడితో సరి. దిండు కింద యోగా మ్యాట్ వేయండి. సాక్సులతో కాదు, ఒట్టికాళ్లతోనే ఆడాలి. టేపు నేలకి ఎక్కువ రోజులు ఉంచితే ఈ తేమకి జిగురు అంటుకుపోతుంది, రెండు మూడు రోజులకోసారి తీసి కొత్తది వేయండి. స్టాప్‌వాచ్ పెట్టడం, "నిన్నటికంటే త్వరగా" అనడం మొదటి రెండు వారాలు వద్దు. టైముతో పోటీ పెడితే బెరుకు పిల్లలు బిగుసుకుంటారు. మూడో వారం నుంచి బాట ఎలా ఉండాలో వాడినే చెప్పమనండి, వాడు వేసిన బాటలో మీరు పాకండి. పెద్దవాళ్లు తన బాటలో ఇబ్బంది పడుతుంటే చూసే పిల్లాడి మొహం వేరుగా ఉంటుంది.

ఇంట్లో పెట్టుకునే చిన్న ట్రాంపోలిన్ కొనమని ఎవరైనా చెప్తారు. ఆరేళ్ల లోపు పిల్లలకి ఇంట్లో ట్రాంపోలిన్ మంచిది కాదు. కొత్త బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి.

---

గాజువాక నాన్న

అందరూ ఇంత పొడుగ్గా చెప్తున్నారు కానీ, కరాటేలో చేర్పించండి, స్కూల్ ఫంక్షన్లో స్టేజీ ఎక్కించండి. ఒక్కసారి జనం ముందు నిలబడితే భయం పోతుంది.

---

ఆటగది

కరాటే మంచిదేనండీ, వద్దనడం లేదు. మొదటి ఐదారు క్లాసులు గోడ దగ్గర కూర్చుని చూడనిచ్చే మాస్టారు దొరికితే, బ్యాచ్‌లో ఎనిమిది మందికి మించకుండా ఉంటే చేర్పించండి. స్టేజీ మాత్రం ఇప్పుడు వద్దు. స్టేజీ మీద పిల్లాడు బిక్కచచ్చి నిలబడితే, ఏడ్చుకుంటూ దిగితే, ఆ దిగిన క్షణంలోనే వాడికి గొప్ప ఊరట కలుగుతుంది. భయం శిఖరాన ఉన్నప్పుడు పారిపోతే, పారిపోవడమే మందు అని మనసు రాసుకుంటుంది. అందుకే ఎక్కించే మెట్టు ఎంత చిన్నదంటే, కాసేపు నిలబడితే భయం దానంతటదే తగ్గేంత చిన్నది కావాలి. తగ్గాక ఏదో ఒక చిన్న పని చేసి రావాలి.

---

ఒకటో తరగతి టీచర్ (అక్కయ్యపాలెం)

స్కూల్లో మాట పెగలని పిల్లలకి నేను మూడు ఆటలు చెప్తాను. మూడూ ఇంట్లో ఖర్చు లేకుండా అయ్యేవే.

మొదటిది లెక్కపెట్టే ఆట. మాటల్లో అన్నిటికంటే తేలికైనది అంకెలు చెప్పడం, ఎందుకంటే ఏం చెప్పాలో ఆలోచించక్కర్లేదు. వామనగుంటల పీట ఉంటే తీయండి, లేకపోతే గుడ్ల అట్టలు రెండు పక్కపక్కన పెట్టి గుంటలు పద్నాలుగు వచ్చేలా అమర్చండి, ఒక్కొక్కరికి ఏడేసి. చింతపిక్కలు పంచుతూ ఒకటి మీరు, రెండు వాడు, మూడు మీరు, అలా వంతులవారీగా పైకి లెక్కపెట్టండి. మీతో కుదిరాక నాన్న చేరాలి, తర్వాత నానమ్మ. నలుగురు కూర్చున్నప్పుడు వాడికి వచ్చేది నాలుగో వంతు, ఒక్క అంకె. బయటి మనిషి ముందు వాడి నోటి నుంచి మొదటి మాట చాలాసార్లు ఇలాంటి అంకె రూపంలోనే వస్తుంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చింతపిక్కలు అందకుండా చూడాలి, గొంతులో అడ్డం పడతాయి.

రెండోది అష్టాచెమ్మా. ఓడిపోతానన్న భయంతో ఆటలోకే రాని పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే పడేది గవ్వల్ని బట్టి, తెలివిని బట్టి కాదు. గవ్వలు పూజా సామాను కొట్లో దొరుకుతాయి. అయిదు బై అయిదు గడులు, నాలుగు గవ్వలు. పూర్తి ఆటతో మొదలుపెట్టకండి, ఐదేళ్ల పిల్లాడికి నాలుగేసి కాయలు తిప్పడం ఎక్కువ. మొదటి వారం తలో కాయ, చంపడం లేదు. రెండో వారం తలో రెండు కాయలు. మూడో వారం చంపడం పెట్టండి, కానీ ముందే మాట అనుకోండి: "కాయ చస్తే ఏమంటాం?" వాడి చేతే ఒక మాట ఎంపిక చేయించండి, "పోతే పోయింది, మళ్లీ వస్తా" లాంటిది. మీ కాయ చచ్చినప్పుడు ముందు మీరు ఆ మాట అని చూపించండి. పెద్దవాళ్లు ప్రతిసారీ కావాలని ఓడిపోవడం వద్దు, పిల్లలు కనిపెట్టేస్తారు. గవ్వల మీద వదిలేస్తే గెలుపోటములు వాటంతటవే సర్దుకుంటాయి. వైకుంఠపాళి ఆడితే వందకి దగ్గరలో ఉండే పెద్ద పాము మీద మొదట్లో కాగితం ముక్క అంటించండి. అంతదూరం ఎక్కి ఒక్కసారే కిందకి జారితే అలాంటి పిల్లలు బోర్డు తిరగేస్తారు.

మూడోది తెర వెనక బొమ్మలాట. దీని మీద నాకు నమ్మకం ఎక్కువ, కారణం ఏంటంటే గొంతు వినపడుతుంది, మొహం కనపడదు. తెల్ల పంచె కానీ పల్చటి దుప్పటి కానీ రెండు కుర్చీల మధ్య బిగుతుగా కట్టండి. ముడత ఉంటే నీడ చీలిపోతుంది. తెరకి అయిదారు అడుగుల వెనక, పిల్లాడి తల కంటే కాస్త ఎత్తులో ఫోన్ టార్చి పెట్టండి. గది లైట్లు ఆపండి. పాత అట్టలోంచి కుక్క, పిల్లి, కోడి కత్తిరించి చీపురు పుల్లకి అంటించండి, జానెడు సైజు చాలు. తెరకి ఆనించి పట్టుకుంటే నీడ స్పష్టంగా, టార్చి వైపు జరిపితే పెద్దదిగా మసకగా వస్తుంది. ఈ కిటుకు వాడినే కనిపెట్టనివ్వండి.

ముందు వాడు బొమ్మ ఆడిస్తాడు, గొంతు మీది. తర్వాత భౌ భౌ, కొక్కొరొకో వాడివి. తర్వాత కుక్క ఒకే మాట అంటుంది: "ఆకలి." తర్వాత వాక్యం. తెర ముందు కూర్చునేది మొదట్లో నాన్న ఒక్కరే. మాట వచ్చిన మెట్టు దగ్గరే కొత్త ప్రేక్షకుణ్ణి తెచ్చి, ఆ రోజుకి ఒక మెట్టు దిగండి. అంటే నాన్న ముందు వాక్యాలు వస్తున్నాయంటే నానమ్మ కూర్చున్న రోజు "ఆకలి" లాంటి ఒక్క మాటే చాలు. ఆట అయ్యాక "బాబూ, ఎంత బాగా మాట్లాడావో!" అని మీద పడితే మర్నాడు తెర వెనక్కి రాడు. "కుక్క ఆకలితో ఉందని మాకు అర్థమైంది" అంటే సరిపోతుంది.

పక్క ఫ్లాటు పిల్ల వచ్చినప్పుడు మొదటిరోజు పక్కపక్కన కూర్చుని చేసే పని పెట్టండి, ఎదురెదురు ఆట కాదు. పిండి ముద్ద బాగుంటుంది: కప్పు మైదా, అరకప్పు ఉప్పు, చెంచా నూనె, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా, అరకప్పుకి మించకుండా. మన విశాఖ తేమకి ఉప్పు నీరు లాక్కుని మర్నాటికి చేతికి అంటుకుంటుంది. గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, తీసినప్పుడు గుప్పెడు మైదా చల్లి పిసకండి. ఇద్దరికీ విడివిడి ముద్దలు, విడివిడి పలకలు. ఒకే ముద్ద ఇస్తే పంచుకోవడం దగ్గరే గొడవ. వాడికి ప్రాణమైన బొమ్మ ఏదైనా ఉంటే ఆ పిల్ల రాకముందే బీరువాలో పెట్టేయండి. వచ్చేది ఒక్కరే, వాడికంటే ఏడాది చిన్నదైతే ఇంకా మేలు. ముప్పావు గంటకి ముగించండి, ఇంకా ఆడాలని ఉండగానే.

---

మధురవాడ అమ్మ

అందరికీ చాలా థాంక్సండీ. అట్టపెట్టె రేపే తెస్తాను. రెండు సందేహాలు. దసరాకి మా ఆడపడుచు పిల్లలిద్దరూ వస్తారు, ఇల్లంతా జనం. వచ్చినవాళ్లు "పాట పాడు, పద్యం చెప్పు" అని మొదలుపెడతారు, వాడు దాక్కుంటాడు, "ఇంత సిగ్గేంట్రా" అంటారు. అప్పుడు నేనేం అనాలి? ప్లే జోన్ మానేయాలా వద్దా అన్నది కూడా ఎవరూ చెప్పలేదు.

---

ఆటగది

వచ్చేవాళ్లకి ముందే ఫోన్ చేసి ఒక్కటే అడగండి: వచ్చిన మొదటి 15 నిమిషాలు వాడి వైపు చూడొద్దు, పలకరించొద్దు, ముద్దు చేయొద్దు. వాళ్లకి ఇది చిన్నతనంగా అనిపించకుండా "వదినా, వాడికి కాస్త సేపు పడుతుంది, తర్వాత వాడే వస్తాడు" అని చెప్పండి. అందరి ముందు "వీడికి సిగ్గెక్కువ" అని మీరూ అనొద్దు, ఎవరైనా అంటే ఊరుకోనూ వద్దు. "చూసుకుని ఆడతాడు" అంటే చాలు. పిల్లాడు తన గురించి మనం నలుగురికీ చెప్పే మాటనే తన పేరుగా పెట్టుకుంటాడు.

పాట బదులు పని ఇవ్వండి. మంచినీళ్ల గ్లాసులు అందించడం, చెప్పులు వరసగా సర్దడం, పిల్లలకి అష్టాచెమ్మా గడులు గీసిపెట్టడం. చేతిలో పని ఉంటే మాట్లాడాల్సిన బరువు ఉండదు, మనుషుల మధ్య ఉన్నట్టూ అవుతుంది.

ఎవరైనా వాణ్ణి ఏదైనా అడిగితే మీరు వెంటనే అందుకోకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. రాకపోతే ప్రశ్నని చిన్నది చేసి తిప్పి అడగండి: "లడ్డూనా, జంతికా?" అప్పటికీ రాకపోతే వేలితో చూపించినా జవాబే. వాడి బదులు మీరు మాట్లాడేది ఆఖరి దారి. ఆడపడుచు పిల్లలిద్దరూ ఒకేసారి కాకుండా, ముందు ఒకరిని వాడితో హాల్లో పిండి ముద్ద దగ్గర కూర్చోబెట్టి, రెండోవాణ్ణి వంటింట్లో నానమ్మ దగ్గర ఆపండి. 20 నిమిషాల తర్వాత మార్చండి.

---

టికెట్ కౌంటర్ (పిల్లల ఆటస్థలం నిర్వహణ)

ప్లే జోన్ మానేయక్కర్లేదు, ఆదివారం మానేయండి. మామూలు రోజుల్లో తలుపు తీసిన మొదటి గంట ఎక్కడైనా ఖాళీ. స్కూల్ ఉంటుంది కాబట్టి రెండో శనివారమో, స్థానిక సెలవో చూసి తెరిచే వేళకే చేరండి. ఆదివారం సాయంత్రం పుట్టినరోజు పార్టీలు, మైకు, పాటలు అన్నీ కలిసి ఉంటాయి. వెళ్లేముందు ఫోన్ చేసి ఆ పూట పార్టీ బుకింగ్ ఉందా అని అడగండి, చెప్తారు. మ్యూజిక్ తగ్గించమని అడిగినా ఖాళీ వేళల్లో తగ్గిస్తారు.

అన్నిటికంటే చిన్న టికెట్టు తీసుకోండి. గంట డబ్బులు కట్టామన్న తొందర మనకి ఉంటే అది పిల్లాడికి అంటుకుంటుంది. కొన్నిచోట్ల పట్టున్న సాక్సులు తప్పనిసరి, అవి ఇంట్లోనే రెండు రోజులు తొడిగి అలవాటు చేయండి. కాళ్లకి కొత్త వస్తువు కూడా చికాకే.

లోపలికి వెళ్లగానే ఆటల వైపు కాదు, ఒక చుట్టు నడవండి. బాత్రూం ఎక్కడ, నీళ్లు ఎక్కడ, బయటికి దారి ఎక్కడ, చూపించండి. తర్వాత మీరు కూర్చునే కుర్చీ వాడికి చూపించి "ఇక్కడే ఉంటాను" అని చెప్పి, అక్కడే ఉండండి. వాడు ఆటలో పడ్డాడు కదా అని చెప్పకుండా బయటికి వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు తర్వాతిసారి అసలు చేయి వదలరు. బాత్రూంకి వెళ్లాలన్నా చెప్పి వెళ్లండి.

మొదట బంతుల తొట్టి అంచు మీద కూర్చుని కాళ్లు లోపల పెట్టడం చాలు. జారుడుబల్లల్లో ముందు తెరిచి ఉన్నది, చిన్నది. గొట్టం దగ్గర ముందు కింది చివర చూపించండి, పైకి వెళ్లి బంతి వదిలితే అది ఎక్కడ తేలుతుందో వాడు కింద నిలబడి చూడాలి. వెనక ఎవరూ లేకుండా చూడమని అక్కడి స్టాఫ్‌ని అడగండి, అది వాళ్ల పనే. ఆ రోజు జారకపోతే జారకపోయాడు. రెండోసారి కూడా అదే ప్లే జోన్‌కి, అదే వేళకి వెళ్లండి. "ఇక్కడ ఆడలేదు కదా, ఇంకోటి చూద్దాం" అని ఊళ్లో ఉన్నవన్నీ తిప్పితే ప్రతిసారీ మొదటిరోజే అవుతుంది.

సెలవుల్లో బయటికి తిప్పాలనుకుంటే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఇప్పుడే వద్దు. లోపల దారి ఇరుకు, ఒకే వైపు నడవాలి, వెనక జనం ఉంటారు, మధ్యలో ఆగిపోతే తిరిగి రాలేరు. ఇంట్లో పెట్టె ఆట పూర్తయ్యాక వెళ్లొచ్చు.

---

కదలిక

పైన చెప్పినదానికి ఒక మాట. శబ్దానికి చెవులు మూసుకోవడం, మిక్సీ, కుక్కర్ విజిల్‌కి కూడా పరిగెత్తడం, లేబుల్ గుచ్చుకుంటోందని చొక్కా విప్పేయడం లాంటివి కూడా ఉంటే బిడియం ఒక్కటే కారణం కాకపోవచ్చు. అప్పుడు ఆట ఆపి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి ఒకసారి చూపించండి.

---

ఆటగది

డాక్టర్ ఎప్పుడు అన్నదానికి. ఇంట్లో బాగా మాట్లాడుతూ, స్కూల్లో నెలకి పైగా అసలు మాట్లాడకపోతే (బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు) చూపించాలి. దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. మొండితనం కాదు, ఆందోళన. మీ బాబు గుసగుసలాడుతున్నాడు, తల ఊపుతున్నాడు కాబట్టి అది అవునో కాదో ఇక్కడ కూర్చుని చెప్పలేం, కానీ టీచర్‌తో నెలలుగా మాట లేదంటే ఇప్పుడే చూపించడం మంచిది. రోజూ పొద్దున్నే కడుపునొప్పి, వాంతి, స్కూల్‌కి పోనని మారాం, ముందు వచ్చిన మాటలు పోవడం, ఇంట్లో కూడా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కళ్లలోకి చూడకపోవడం ఉంటే ఇక ఆగకండి. ఏ కేసులోనైనా ముందు వినికిడి పరీక్ష. చెవిలో నీరు చేరి సగం వినపడే పిల్లలు కూడా పదిమందిలో మూగబోతారు.

విశాఖలో ప్రభుత్వ వైపు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఉంది, చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉన్న పిల్లలకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు, పైస్థాయికి పంపడం ఉచితం. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో 24 గంటలూ.

ఈలోగా టీచర్‌తో మాట తెప్పించడానికి ఒక వరస ఉంది, స్కూల్ ఒప్పుకుంటే వారానికి మూడుసార్లు, 15 నిమిషాలు, క్లాసులు అయ్యాక. ఖాళీ గదిలో తలుపేసి మీరూ వాడూ వామనగుంటలు ఆడండి, వాడు మామూలు గొంతుతో లెక్కపెట్టాలి. అది కుదిరాక తలుపు ఓరగా తీసి ఉంచండి, టీచర్ వరండాలో అటూ ఇటూ నడవాలి. తర్వాత గుమ్మంలో, వీపు ఇటు పెట్టి. తర్వాత గది మూలన తన పుస్తకాలు దిద్దుకుంటూ. తర్వాత బల్ల దగ్గర, వాడి వైపు చూడకుండా. తర్వాత లెక్కలో ఒక వంతు ఆవిడది. ఆ తర్వాతే మీరు కుర్చీ వెనక్కి జరపడం, గుమ్మం దాకా వెళ్లడం, బయట నిలబడటం. ఏ మెట్టులోనైనా వాడి గొంతు గుసగుసగా మారిందంటే టీచర్ ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. గొంతు మళ్లీ మామూలయ్యాకే ముందుకి. తొందరపడి ఆవిడ నేరుగా ప్రశ్న అడిగితే రెండు వారాల పని పోతుంది, కాబట్టి ఈ వరస కాగితం మీద రాసి ఆవిడకి ఇవ్వండి.

---

ఒకటో తరగతి టీచర్ (అక్కయ్యపాలెం)

నిజమే, కాగితం ఇవ్వండి. నలభై మంది ఉన్న క్లాసులో నోటితో చెప్పింది గుర్తుండదు. ఇంకొకటి, ఆ గుసగుసల స్నేహితుణ్ణి వచ్చే ఏడాది కూడా అదే సెక్షన్‌లో, అదే బెంచీలో ఉంచమని మార్చిలోనే హెడ్‌మిస్ట్రెస్‌కి అర్జీ పెట్టండి. జూన్‌లో లిస్టులు వేసేశాక మార్చడం కష్టం.